గుట్ట వెనక నీలి చుక్క

నా ఉద్యోగం ఏమిటని అడిగినవాళ్ళకు పాలబండ్ల దారులు చూసుకుంటానని చెప్తాను. పెద్దపల్లి దాటాక పొలాల మధ్య మా డెయిరీ చిల్లింగ్ సెంటర్ ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ పాలు పొద్దునా సాయంత్రమూ క్యాన్లలో అక్కడికి వస్తాయి, చల్లబడతాయి, పెద్ద ట్యాంకరెక్కి హైదరాబాద్ పోతాయి. ఏ బండి ఏ ఊరి మీదుగా రావాలో, ఎన్ని పాలు వస్తాయో, చల్లబరిచే మిషన్ ఎప్పుడు వెయ్యాలో చూసేదాన్ని నేను. ఇంత చెప్పేసరికి అడిగినవాళ్ళు ఆవులిస్తారు. చలికాలం తెల్లవారుజామున ఆ పని సగం కలలో చేస్తున్నట్టే ఉంటుందని వాళ్ళకు తెలియదు.

దుప్పటి కప్పుకుని ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఫోన్ తెరిచేదాన్ని. మ్యాప్ మీద ఊరికొక నీలి చుక్క. ఒక్కో చుక్క ఒక్కో పాల సెంటర్. బండ్లు చిన్న బాణాలై వాటి మధ్య కదులుతుంటాయి. ఏ ఊళ్ళో కాంటా మీద పాలు తూచినా ఇక్కడ ఆ ఊరి చుక్క మెల్లగా నిండుతుంది. బయట మంచులో ఎదురిల్లు కూడా కనపడదు. చేతిలో మాత్రం ఊళ్ళు ఒకదాని తర్వాత ఒకటి నిద్ర లేస్తుంటాయి.

అవ్వ, అంటే మా అమ్మ, చాయ్ గ్లాసు పట్టుకుని పక్కన చేరేది. ఇంట్లో మేమిద్దరమే. బాపు బొగ్గుబాయిలో పని చేసిన రోజుల్లో బెల్లంపల్లిలో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. అవ్వ క్వార్టర్ వెనక రేకుల కింద ఒక బర్రెను కట్టుకుని, వరసలో ఉన్న ఇళ్ళకు పాలు పోసేది. బర్రె పోయి, బాపు పోయి, క్వార్టర్ కూడా వదిలేసి వచ్చినా ఆమెకు పాల మీద పెద్దరికం పోలేదు. ఫోన్‌లో చుక్కలు చూసి, "ఇయ్యాల గీ ఊరోల్లు ఆలస్యం జేసిన్రు. బర్రెకు దాణా పెట్టలేనట్టుంది" అని తీర్పు చెప్పేది. చాలాసార్లు ఆమె చెప్పిందే నిజమయ్యేది. నాకు ఒళ్ళు మండేది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ చుక్కలూ బాణాలూ ఏవీ లేవు. బండ్ల దారులు ఎప్పుడో ఎవరో వేసినవి. ఒక బండి ఒకే చౌరస్తా మీదుగా మూడుసార్లు తిరిగేది. ఎందుకని ఆరా తీస్తే ఆ చౌరస్తాలో మిర్చి బజ్జీలు బాగుంటాయని తేలింది. కొన్ని పాలొచ్చినా నిండుగా వచ్చినా చల్లబరిచే మిషన్ ఒకే తీరుగా రోజంతా గుర్రుమనేది. కరెంటు పోతే జనరేటర్. దాని పొగకు షెడ్డు గోడ నల్లబడి, మేం చాయ్ తాగే బెంచీ కూడా నల్లబడింది.

అన్నిటికన్నా బాధ పాలు విరగడం. ఎండాకాలంలో బండి ఆలస్యమైతే క్యాన్ మూత తీయగానే తెలిసిపోయేది. విరిగిన పాలను షెడ్డు వెనక గుంతలో పోయించాలి, పోయించి సంతకం పెట్టాలి. మొదటిసారి సంతకం పెట్టిన రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది ఆడవాళ్ళు చీకట్లో లేచి పిండిన పాలో అవి. అవ్వకు చెప్తే ఆమె నాకంటే ఎక్కువ ఏడ్చింది, పైగా నన్నే తిట్టింది.

అందుకే, ఈ ఫోన్లూ మిషన్లూ వచ్చినప్పుడు మిగతావాళ్ళు సణిగినా నేను సంబరపడ్డాను. ఎక్కడున్నాయో చెప్పే చిన్న పెట్టెలు బండ్లకు బిగించారు. ఊళ్ళలో కాంటాలు మార్చారు, తూకం వేసిన మరుక్షణం లెక్క ఫోన్‌లోకి వచ్చేస్తుంది. షెడ్డు మీద సోలార్ పలకలు పరిచారు. ఈ రోజు ఎన్ని పాలు రావచ్చో ముందే అంచనా వచ్చేది, ఆ అంచనాను బట్టి ఎండ ఉండగానే మిషన్ వేసి చల్లదనం దాచుకునేవాళ్ళం. జనరేటర్ మీద పిచ్చుకలు గూడు పెట్టాయి. షెడ్డు వెనక గుంతలో గడ్డి మొలిచింది. ఆ గడ్డి చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. ఎవరైనా చుట్టపుచూపుగా వచ్చినా తీసుకెళ్ళి చూపించేదాన్ని.

నెలకోసారి హైదరాబాద్ ఆఫీసు నుంచి కొత్త దారి వచ్చేది. ఏ సెంటర్ నుంచి ఎన్ని పాలు వస్తున్నాయి, అక్కడికి పోయిరావడానికి ఎంత డీజిల్ కాలుతోంది అన్నది కంప్యూటరే చూసి గీసి పంపేది. పాత దారి ఎర్రగా, కొత్తది పచ్చగా. కింద "సరే" అని ఒక బటన్. ఆ చలికాలం ఒక సాయంత్రం పచ్చటి గీత వచ్చింది. ఇదివరకటికన్నా పొట్టిగా, నున్నగా, మడతలేవీ లేకుండా ఉంది. చూడగానే ముచ్చటేసింది. "సరే" నొక్కేశాను. ఆ గీత నుంచి ఒక చుక్క జారిపోయిందని చూశాను కూడా. గుట్ట వెనక చిన్న చుక్క. పద్నాలుగిళ్ళ పల్లె. పాలు బాగా తగ్గాయని పక్కన రాసి ఉంది. తగ్గితే తగ్గాయి అనుకున్నాను.

నాలుగు రోజులకు ఆ దారి డ్రైవర్ వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డాడు. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, అయినా నన్ను అక్కా అంటాడు. మిర్చి బజ్జీల కోసం మూడుసార్లు తిరిగిన మహానుభావుడు ఈయనే.

"అక్కా, గుట్ట మల్పుకాడ రోజు నిలబడుతున్నరు. నన్ను జూసి చేతులెత్తుతున్నరు. ఆపితే నీ ఫోన్ మొత్తుకుంటది. ఆపకపోతే నా పానం మొత్తుకుంటది. ఏం జెయ్యాలెనో చెప్పు."

"ఎవలు నిలబడేది?"

"ఇంకెవలు? గుట్టెనక పద్నాలుగిండ్లోల్లు. క్యాన్ నెత్తి మీద మోస్కొని సడక్ దాక వస్తున్నరు."

నాకు ముందు కోపమే వచ్చింది. వాళ్ళకు ఫోన్‌లో మెసేజ్ పోయింది కదా, బండి రాదని. తర్వాత ఆలోచించాను. ఆ మెసేజ్ ఎవరు చదివి ఉంటారు? చదివినా ఎవరు నమ్మి ఉంటారు? ఏళ్ళ తరబడి పొద్దున్నే వచ్చిన బండి మెసేజ్ పంపి మానేస్తుందని ఎవరనుకుంటారు?

మరునాడు పొద్దున నేనే బండెక్కాను. అవ్వ చెప్పులు వేసుకుని ముందే గడపలో నిలబడి ఉంది.

"నేనొస్త. ఇంట్ల కూసోని సుక్కలు జూసుడేనా? ఒక్కపారన్న అసలు ఊరు సూపియ్యి."

మంచులో బండి మెల్లగా పోయింది. పొలాలు లేవు, ఊళ్ళు లేవు, లైట్ల ముందు రెండు గజాల రోడ్డు మాత్రం ఉంది. అవ్వ నా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని బాణాన్నే చూస్తూ కూర్చుంది. "గీ బాణంల మనమున్నమా?" అంది. ఉన్నామన్నాను. "గమ్మతున్నది" అని నవ్వింది. లోపల ఉండి బయటి నుంచి తనను తాను చూసుకోవడం ఆమెకు బాగా నచ్చింది. గుట్ట మలుపు దగ్గర ఎవరూ లేరు. వాళ్ళు ఆశ వదులుకున్నారన్నమాట.

పాల సెంటర్ అంటే ఒక ఇంటి అరుగే. ఆ ఇంటి పెద్దమ్మ దాన్ని నడిపేది. బొద్దుగా, గట్టి గొంతుతో ఉంటుంది. కాంటాకు పసుపు కుంకుమ పెట్టి పాత చీర కప్పింది. మమ్మల్ని చూసి ఒక్క మాట అనలేదు.

"రా బిడ్డా, కూసో. చాయ్ తాగు. పాలైతే మస్తున్నయి" అంది.

తిట్టినా బాగుండేది.

చాయ్ చేతికొచ్చాక అడిగాను, ఈ నాలుగు రోజుల పాలూ ఏం చేశారని. ఇంటికి కావలసినన్ని ఉంచుకున్నారట, మిగతావి మోసుకుని సడక్ దాకా వెళ్ళి నిలబడ్డారట. "పొద్దెక్కేదాక జూసినం. పులుపెక్కినయి. ఇగ కాలువల పోసినం" అంది పెద్దమ్మ.

గుంతలో మొలిచిన గడ్డి గుర్తొచ్చింది. నా లెక్కలో ఆ నెల పారబోసిన పాలు సున్నా. ఎందుకంటే పారబోసినవి నా దాకా రానేలేదు. డీజిల్ మిగిలిందని, పొగ తగ్గిందని పచ్చగీత చూసి మురిసిపోయాను. నా షెడ్డు వెనక ఉండే గుంతను తీసుకెళ్ళి వీళ్ళ గుట్ట వెనక పెట్టానని అప్పుడు అర్థమైంది. సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు గొంతు పెరుగుతుంది, అదొక చెడ్డ అలవాటు.

"నన్నంటే ఏం లాభం పెద్దమ్మా? మీ పాలు తగ్గినయి. పోయిన నెల ఆరొద్దులు గిలాసెడు పాలే పంపినవ్. గిలాసెడు కోసం అంత దూరం బండొస్తదా?" అన్నాను. ఆమె నన్ను ఒక్క మాటా అననే లేదన్నది కూడా మరిచిపోయాను.

ఫోన్ ముందుకు జరిపి ఆ ఆరు రోజులూ చూపించాను. పెద్దమ్మ కళ్ళు చిన్నవి చేసి చూసింది.

"ఔ" అంది. "ముందుగాల మా మామ పోయిండు. ఎన్క పదొద్దులకు ఎదురింటి ముసలమ్మ పోయింది. చలికి తట్టుకోలే."

నాకు అర్థం కాలేదు. ఇద్దరు చనిపోతే పాలెందుకు తగ్గాలి? అడిగితే ఆమె నన్ను చూసిన చూపు, ఇంత చదివి ఇదేం ప్రశ్న అన్నట్టుంది. ఆ పల్లెలో ఎవరింట్లో చావైనా మూడు రోజులు ఏ ఇల్లూ పాలు అమ్మదట. పాలన్నీ ఆ ఇంటికే పోతాయి. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి వచ్చిపోయేవాళ్ళ చాయ్‌కీ, పిల్లల పెరుగన్నానికీ పద్నాలుగిళ్ళ పాలూ అక్కడే ఉండాలి. ఎప్పటి నుంచో అంతేనట.

"మరి ఆ గిలాసెడు ఎందుకు పోసినవ్? మొత్తానికే పొయ్యకపోతివి" అన్నాను.

జవాబు పెద్దమ్మ చెప్పలేదు, మా అవ్వ చెప్పింది. "మరి క్యాన్ ఖాళీగ ఎట్ల పంపుతది?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తల ఊపారు. నేను మధ్యలో పరాయిదాన్నయ్యాను. ఎవరింటి గిన్నె అయినా తిరిగి ఇచ్చేటప్పుడు ఉత్తగా ఇవ్వకూడదని నాకూ తెలుసు. కాస్త చక్కెరో, రెండు మిరపకాయలో వేసి ఇస్తాం. కాని బండి క్యాన్‌కు కూడా అది వర్తిస్తుందని నాకు తట్టలేదు.

"గిన్నె ఖాళీగ తిరిగిపోయేది ఒక్క చావింట్ల నుంచే బిడ్డా" అంది పెద్దమ్మ. "నేను ఖాళీ క్యాన్ బండెక్కిచ్చిననుకో, మా ఊరి చావు గా క్యాన్ల కూసోని ఊర్లన్ని తిరుగుతది. నలుగురి పిల్లలు తాగే పాలాయె. అందుకే గిలాసెడు పోసిన. తప్పయిందా?"

తప్పే అయింది. ఆ సంగతి ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఆమె కాంటా మీద ఏమీ పెట్టకుండా ఉంటే కంప్యూటర్ ఆ రోజులను కాంటా పని చేయని రోజులుగా తీసుకుని వదిలేసేది. గిలాసెడు తూచేసరికి, సెంటర్ తెరిచే ఉంది, జనం వచ్చారు, పద్నాలుగిళ్ళలో పుట్టిన పాలు మొత్తం ఇవే అని నమ్మేసింది. మూడు రోజులు, మళ్ళీ మూడు రోజులు. ఊళ్ళన్నిటికీ చావు పోకూడదని ఆమె పోసిన పాలే ఆమె పల్లెను దారి నుంచి తీసేశాయి.

"తప్పేం లేదు పెద్దమ్మా" అన్నాను. గొంతు దానంతటదే తగ్గింది. "తప్పు నాది. అడగకుంట బటన్ నొక్కిన."

ఆమె బతుకుదెరువంతా ఆ అరుగే. భర్త లేడు, కొడుకు మస్కట్‌లో పనికి పోయి ఎప్పుడో కానీ రాడు. ఆ పద్నాలుగిళ్ళ ఆడవాళ్ళకు రోజూ చేతికొచ్చేది ఆ పాల మీదే. ఒక చుక్క ఆరిపోతే ఏమేం ఆరిపోతాయో అక్కడ కూర్చుంటే తెలిసింది. వారం లోపల బండి తిరిగి రాకపోతే బర్రెలను సంతకు తోలాల్సిందేనని అప్పటికే రెండిళ్ళు అనుకుంటున్నాయట.

ఆ పొద్దు క్యాన్ నింపుకుని లేచాం. ఫోన్ మొత్తుకుంటే మొత్తుకోనీ అన్నాను. బండి వెనక్కి తిప్పుతుంటే పెద్దమ్మ అడ్డమొచ్చింది.

"వచ్చిన తొవ్వనే ఎందుకు పోతరు? గీ కాలువ కట్టెంబడి పోతే సీదా పక్కూర్లె తేల్తరు. ట్రాక్టర్లు పోతయి, మీ డబ్బా పోదా?"

మ్యాప్‌లో కాలువ కట్ట మీద దారే లేదు. గుట్ట దగ్గర రోడ్డు అయిపోతుంది, అటుపక్క అంతా తెల్లటి ఖాళీ. ఈ పల్లెకు వచ్చి, వచ్చిన దారినే మళ్ళీ సడక్ దాకా పోవాలని కంప్యూటర్ అనుకోవడానికి అదే కారణం. డ్రైవర్ నావైపు చూశాడు. పోనీ అన్నాను.

ఆ ప్రయాణం ఇప్పటికీ కలలా గుర్తుంది. ఒక పక్క కాలువ నీళ్ళ మీద మంచు లేచి తేలుతోంది. ఇంకో పక్క వరి నాట్లకు దమ్ము చేసిన మడులు, ఆకాశమేదో నీళ్ళేవో తెలియకుండా. కొంగలు బండిని చూసి కూడా లేవలేదు. అవ్వ ఒళ్ళో ఫోన్ ఉంది. తెల్లటి ఖాళీలో మా బాణం ఒంటరిగా పోతోంది, దాని వెనక సన్నటి నీలి గీత పడుతోంది. దారి ముందు లేదు, మేం పోయిన తర్వాత ఉంటోంది.

"మనమే గీస్తున్నమా బిడ్డా?" అని అడిగింది అవ్వ.

"మనమే."

ఆమె వేలితో ఆ గీతను ముట్టుకోబోయి, చెరిగిపోతుందేమోనని వెనక్కి తీసుకుంది. పక్క ఊరి చుక్క దగ్గరికి గీత చేరగానే పెద్దగా ఊపిరి వదిలింది. చూస్తే, ఆ దారిన వస్తే రెండు ఊళ్ళూ ఒకే పోకలో కలుస్తున్నాయి. పాత దారికన్నా ఇదే దగ్గర.

ఆఫీసుకొచ్చి హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. అవతల లెక్కలు చూసే ఇంజనీరు మర్యాదస్తుడే. అంతా విని, "ఏడాదికి అక్కడ సుమారు ఎన్ని చావులు ఉంటాయో చెప్పగలరా మేడం? దాన్ని అంచనాలో కలుపుదాం" అన్నాడు. ఆ మాటకు ఎలాంటి జవాబు ఇచ్చానో రాయడం బాగుండదు. కాస్త సేపటికి అతనే మళ్ళీ చేశాడు. వాళ్ళ నాయనమ్మ పోయినప్పుడు ఊళ్ళో ఎవరెవరు అన్నం పంపారో గుర్తొచ్చిందట. ఫోన్‌లోనే ఇద్దరం ఆలోచించాం. కాంటాలో ఇంకో బటన్ పెట్టించాం: "ఇవాళ పాలు లేవు". నొక్కితే ఎందుకో అడుగుతుంది: కాంటా ఖరాబైంది, పండుగ, చావు. ఆ రోజు ఆ ఊరి చుక్క బూడిద రంగులోకి మారుతుంది, లెక్కలోకి రాదు. కాలువ కట్ట దారి కూడా మ్యాప్‌లోకి ఎక్కింది. గుట్ట వెనక చుక్క మళ్ళీ నీలంగా వెలిగింది. డీజిల్ కూడా ముందుకన్నా తక్కువే కాలింది.

పెద్దమ్మకు బటన్ నేర్పించాను. తర్వాత ఆ పల్లెలో ఒక ముసలాయన పోయినప్పుడు శ్రద్ధగా బటన్ నొక్కింది, గిలాసెడు పాలూ పోసి పంపింది. వద్దన్నా వినలేదు. ఇంజనీరు ఆ గిలాసెడును చూడనట్టు ఉండమని కంప్యూటర్‌కు చెప్పుకున్నాడు.

అవ్వకూ పెద్దమ్మకూ మాత్రం ఆ రోజే కుదిరిపోయింది. ఇద్దరూ అక్కా చెల్లె అనుకున్నారు. పాలబండిలో ఒక స్టీలు డబ్బా అటూ ఇటూ తిరగడం మొదలైంది. ఈనిన బర్రె జున్ను వచ్చేది, సర్వపిండి పోయేది. చింతకాయ తొక్కు వచ్చేది, గారెలు పోయేవి. డబ్బా ఏనాడూ ఖాళీగా తిరగలేదు. ఒకసారి ఇంట్లో ఏమీ లేకపోతే అవ్వ రెండు నిమ్మకాయలు వేసి పంపింది. డ్రైవర్ సణిగేవాడు. "అక్కా, గీ డబ్బాకు గూడ ఒక సుక్క పెట్టియ్యి మ్యాప్‌ల" అనేవాడు. దారిలో మూత తీసి రుచి చూస్తాడని మా ఇద్దరికీ తెలుసు. పొద్దున మ్యాప్ తెరిస్తే అవ్వ చూపు మొదట గుట్ట వెనకకే పోయేది. "మా చెల్లె లేసింది" అనేది ఆ చుక్క నిండగానే.

రెండు చలికాలాలు అలా గడిచాయి. మూడోది మొదలయ్యే ముందు అవ్వ పోయింది. జబ్బేమీ లేదు. పొద్దున చాయ్ గ్లాసు పెట్టుకుని అరుగు మీద కూర్చుంది, నేను లోపలికెళ్ళి ఫోన్ తెచ్చేలోపు గోడకు ఆనుకుని ఉంది. చుక్కలు చూపిద్దామని పక్కన కూర్చున్నాక గాని నాకు తెలియలేదు. ఆ సాయంత్రమే చిన్నాయన కొడుకు తల కొరివి పెట్టాడు. డ్రైవర్ కాష్టం దాకా వచ్చాడు, పక్కకు పోయి ఎవరికో ఫోన్ చేశాడు.

నేను ఏడవలేదు. చుట్టాలు వచ్చారు, ఏడ్చారు, నన్ను పట్టుకుని ఊపారు. నాకు కన్నీళ్ళు రాలేదు. గుండె రాయి చేసుకుందని ఎవరో అన్నారు. రాయి కాదు, ఏదీ నిజమనిపించలేదు అంతే. మంచులో నడుస్తున్నట్టు ఉంది.

మరునాడు తెల్లవారుజామున లేచి అలవాటుగా అరుగు మీద కూర్చున్నాను. అలవాటుగా ఫోన్ తెరిచాను. చుక్కలు ఒక్కొక్కటిగా నిండుతున్నాయి. గుట్ట వెనక చుక్క మాత్రం బూడిద రంగులో ఉంది. నొక్కి చూశాను. ఇవాళ పాలు లేవు. ఎందుకు అన్న చోట: చావు.

అయ్యో, అక్కడ ఎవరు పోయారు అనుకున్నాను. దగ్గుతో బాధపడే తాత ఒకాయన ఉండాలి. అవ్వకు చెప్పాలి అని కూడా అనుకున్నాను. చెప్పడానికి పక్కకు తిరిగాను.

అప్పుడే ఫోన్ మొత్తుకుంది. బండి దారి తప్పిందట. ఆ బాణం పల్లె దగ్గర చాలాసేపు ఆగి, కాలువ కట్ట దాటి, మిగతా ఊళ్ళన్నీ వదిలేసి పెద్దపల్లి వైపు వస్తోంది. నాకు మండింది. ఇలాంటి రోజున కూడా ఈయనకు బజ్జీలేనా అనుకున్నాను. బాణం మా వీధిలోకి మళ్ళింది. తల ఎత్తేసరికి మంచులోంచి బండి లైట్లు వచ్చి మా గడప ముందు ఆగాయి.

డ్రైవర్ దిగి క్యాన్ దించాడు. నిండు క్యాన్. మూత మీద కట్టిన గుడ్డ కూడా తడిసి ఉంది.

"పద్నాలుగిండ్ల పాలక్కా" అన్నాడు. "మూడొద్దులు గిట్లనే తెస్త. మన అక్క పోయినంక పాలెట్ల అమ్ముతం అన్నది పెద్దమ్మ. చిల్లింగ్ సెంటర్‌కు గిలాసెడు యేరే ఇచ్చింది, లెక్క తప్పొద్దని."

చిన్నమ్మ వచ్చి పాలను గిన్నెల్లోకి వంపుకుంది. ఇంట్లో పొయ్యి వెలగదు కదా, పక్కింటి పొయ్యి మీద చాయ్ పెట్టారు. చుట్టాల పిల్లలు పాలు తాగి మీసాలు తెచ్చుకున్నారు. నేను క్యాన్ కడిగాను. కడిగి, ఏమీ ఆలోచించకుండానే లోపలికి పోయి చక్కెర డబ్బా మీద చెయ్యి వేశాను.

"వద్దక్కా" అన్నాడు గుమ్మంలోంచి డ్రైవర్. "చక్కెర వెయ్యకు. పెద్దమ్మ చెప్పి పంపింది. ఇయ్యాల ఖాళీగనే తెమ్మన్నది. నడుమ ఏ ఊర్ల ఆపకుంట సీదా మా ఊరికే తే అన్నది."

"ఖాళీగనా?"

"ఔ. గది మా ఇంటి చావే, మా ఊరికే రావాలె అన్నది."

చక్కెర డబ్బా మూత పెట్టేశాను. ఖాళీ క్యాన్‌ను నేనే మోసుకెళ్ళి బండెక్కించాను. బరువే లేదు. గతుకుల మీద అది ఎగిరి పడుతున్న చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది, తర్వాత మంచు మింగేసింది.

అరుగు మీద కూర్చుని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. బండి దారి ఎందుకు తప్పిందో రాయమని ఫోన్ ఇంకా అడుగుతోంది. ఏమీ రాయలేదు. బాణం ఏ చుక్క దగ్గరా ఆగకుండా పోయింది. కాలువ కట్ట మీదికి, ఆ రోజు అవ్వ ఒళ్ళో మెల్లగా పడిన నీలి గీత మీదికి ఎక్కింది. వేలు పెట్టి ముట్టుకున్నాను. చెరగలేదు. బాణం గుట్ట వెనక బూడిద చుక్కను చేరి ఆగింది. అప్పుడు, ఒక రోజంతా గడిచాక, అవ్వ కోసం ఏడ్చాను.